హాలు నడుమ తెల్ల చదరం

సీలింగు పనిలో మొదట పోయేది మెడ. ఆ తర్వాత కుడి భుజం. ఇప్పుడు జడ వేసుకోవాలన్నా నా చెయ్యి పైకి లేవదు. కోడలికి తీరిక ఉంటే వేస్తుంది, లేకపోతే ముడి చుట్టుకుని ఊరుకుంటాను. ఈ మధ్య మదనపల్లెలో ఆడపిల్లలు కూడా పీవీసీ సీలింగు పనికి వస్తున్నారని విన్నాను. మంచిదే. ఎండలో ఇటుకలు మోయడం కన్నా నయం, నీడపట్టున ఉంటారు. కానీ పొద్దంతా మొహం పైకెత్తి, కంట్లో పడే సిమెంటు పొడి తుడుచుకుంటూ చేసే పని ఇది. ఆ పిల్లల కోసమే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒక పేజీ నిండేసరికి మధ్యాహ్నం గడిచిపోతుంది. అందుకని అన్ని ఇళ్ల సంగతులూ చెప్పలేను. పుంగనూరులో ఒక ఇంటి సంగతి చెబుతాను, దాని వెనకాలే వచ్చిన కుప్పం ఇంటి సంగతి కూడా.

ఈ పనికి ముందు నేను గోడలకు సున్నం కొట్టేదాన్ని, తర్వాత పుట్టీ పట్టేదాన్ని. నాకు పని ఇచ్చే మేస్త్రీ పెయింటు మానేసి ప్లాస్టిక్ పలకల్లోకి దిగితే నేనూ ఆయన వెంటే దిగాను. మొదట్లో టమాటా మండీల ఆఫీసు గదులకు వేశాం. తర్వాత అంగళ్లు ఊరి దగ్గర కాలేజీ పిల్లలుండే హాస్టళ్లకు. ఆ పైన ఇళ్లవాళ్లు మొదలుపెట్టారు. ఎందుకు మొదలుపెట్టరు? చెమ్మ పట్టి పెచ్చులూడే గోడ రెండు పూటల్లో మాయమవుతుంది. చెక్కలా కావాలంటే చెక్కలా, పాలరాయిలా కావాలంటే పాలరాయిలా. చెదలు పట్టదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లకు మాత్రం అది గోడలా అనిపించదు. వేలి కణుపుతో కొట్టి చూస్తారు. కలకడ వైపు రైతు ఒకాయన అలాగే కొట్టి చూసి మొహం చిట్లించాడు.

"ఏందప్పా, గోడ డొల్లగా పలకతాండాది?"

"గోడ గట్టిదే పెద్దాయనా," అన్నాడు మా మేస్త్రీ. "దానికి సొక్కా తొడిగినాం, అంతే. నువ్వు సొక్కాని కొడతాండావు."

మాటకారి. పని తెచ్చేది ఆ నోరే. మాతో ఇంకొకతను ఉండేవాడు, కుప్పం వైపు మనిషి, డ్రిల్లింగ్ మిషన్ పట్టే పనంతా అతనిదే. ఏం చెప్పినా మొదట "కుదరదక్కా" అనేవాడు. అంటూనే నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. అతను నిజంగా కాదన్న పని నేను చూడలేదు.

పని చెప్పుకుంటే చిన్నదే. స్లాబుకు కింద ఇనుప ఛానళ్లు బిగిస్తాం, ఛానళ్లకు పలకలు స్క్రూలతో బిగిస్తాం. ఒక పలక అంచు పక్కదాని గాడిలోకి దిగి స్క్రూలను దాచేస్తుంది. ఒక గోడ దగ్గర మొదలుపెట్టి ఎదురు గోడ దాకా వరసగా పోవాలి. నడుమ ఉన్న పలక ఒక్కటే తీద్దామంటే రాదు. చివరి నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి, లేదంటే కోసెయ్యాలి. ఇంకొకటి, ఇది వేడికి ఓర్చే సరుకు కాదు. ఈ సంగతి ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

పుంగనూరు బజారులో చిల్లర అంగడి నడిపే ఒకామె ఇల్లు కట్టింది. భర్త పోయి చాలా ఏళ్లయింది, ఒక కూతురు. అంతవరకూ అంగడి వెనక గదిలోనే తల్లీకూతుళ్లు ఉన్నారు. భర్త అన్న, అంటే ఆమె బావ, రోజూ పొద్దున్నే వచ్చి అంగడి బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతూ ఆమెకు సలహాలు చెప్పేవాడు. ఆ జాగా కొనొద్దన్నాడు. అది అచ్చిరాదన్నాడు. మగదిక్కు లేకుండా ఇల్లు కట్టడమేమిటన్నాడు. అయినా ఆమె కొనింది, కట్టింది. హాలు పైన చెక్క రంగు పీవీసీ సీలింగు వేయించుకుంది. లైట్ల కోసమని దాన్ని స్లాబుకు బాగా కిందికి దించి కట్టాం.

మేం పని చేస్తుంటే టీ తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడి మాట్లాడేది.

"అక్కా, ఇల్లు బాగుండాదని ఎవురూ అనబల్లేదు నాకు. గృహప్రవేశం పొద్దు ఏ తప్పూ జరగలేదంటే సాలు. ఆ పొద్దు ఒక చెంబు దొర్లినా సరే, మా బావ 'నేను సెప్పలే?' అంటాడు. ఆ మాట సచ్చేదాకా ఇనాల నేను."

మా మేస్త్రీ మొదటి రోజే అడిగాడు, హోమం ఎక్కడ చేస్తారని. ముంగిట్లో, షామియానా కింద అని చెప్పింది. అయితే సరే అన్నాడు. ఎందుకడిగావని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

గృహప్రవేశం నాటికి మూలల్లో అంచులు కప్పే బీడింగు ముక్కలు కొన్ని మిగిలిపోయాయి. మేస్త్రీ కుప్పంలో కొత్త పని చూసుకోవడానికి పోతూ, తెల్లారేసరికి ఆ ముక్కలు అంటించేయమని నాకూ కుప్పం అతనికీ అప్పజెప్పాడు. అంటించాం. భోంచేసి పొమ్మని అంగడామె మమ్మల్ని పోనివ్వలేదు. పెరట్లో వంటవాళ్ల పక్కన కూర్చున్నాం. ఆవు ఇంట్లోకి వచ్చి పోయింది, పాలు పొంగాయి. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు వాన మొదలైంది.

మా వైపు వాన కోసం మొక్కుకుంటారు. ఆ పొద్దు మాత్రం ఎవరూ మొక్కలేదు. షామియానా బొక్కెనలా నిండి కారసాగింది. పురోహితుడు లేచి, ఇటుకలూ ఇసుకా హాల్లోకి తెప్పించి, సరిగ్గా నడిమధ్య గుండం పేర్పించాడు. పీటల మీద బావ, ఆయన భార్య కూర్చున్నారు. భర్త లేని మనిషి కనుక అంగడామె వంటింటి గడప దగ్గరే నిలబడింది. తన ఇల్లు, తన కష్టం, కానీ పీటలు వాళ్లవి.

నేను మేస్త్రీకి ఫోన్ చేశాను.

"హోమం లోపల పెట్టినారు, మన సీలింగు కిందనే."

"సిన్న హోమమేలే అక్కా. నాలుగు పుల్లలు. గమ్మునుండు. ప్లాస్టిక్ వంగతాదని మనమే సెప్తే రేపు మనకి పని యాడుంటాది?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ నోటితో ఎంతమందికో కూడు పెట్టాడు, నాతో సహా. గమ్మునున్నాను.

నిజానికి అది చిన్న హోమంగానే ముగిసేది. కానీ బావకు నెయ్యి పోయడంలో హుషారు పుట్టింది. పురోహితుడు చాలు అంటున్నా గరిటె ఆగదు.

"దేవునికి పెట్టేదాంట్లో పిసినారితనం యాల సామీ?"

"అయ్యా, నెయ్యి దేవుడికి చేరేలోపు పొగ మాకు చేరుతోంది," అన్నాడు పురోహితుడు కళ్లు తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. మంట ఇంకా లేచింది.

నేను తలుపు దగ్గరికి వచ్చి పైకి చూశాను. కాగే పాల మీద మీగడ కదిలినట్టు చెక్క రంగు కదులుతోంది. తర్వాత నాలుగైదు పలకలు కలిసి కిందికి పొట్ట దించాయి. గాడులు విడుతున్నాయి. వాసన వచ్చింది. నెయ్యి వాసనలో అది ఎవరికీ తెలియలేదు, ఈ పనిలో ఉన్నవాళ్లకు తప్ప. వెనక్కి తిరిగితే కుప్పం అతను కూడా పైకే చూస్తున్నాడు.

"ఊడతాదక్కా," అన్నాడు మెల్లగా.

గుండం చుట్టూ బావ, భార్య, పురోహితుడు. వాళ్ల వెనక అంగడామె కూతురు, ఆమె ఒళ్లో ఎవరి పిల్లో ఒకరు. నేను వంటింటి వైపు నుంచి తిరిగి వెళ్లి అంగడామె పక్కన నిలబడ్డాను. పైకి చూడమన్నాను. చూసింది.

"పడతాదా?"

"మంట ఇట్లే ఉంటే పడతాదమ్మా. వేడి వేడిగా పడతాది."

"హోమం ఆపితే?"

"అది నీకే తెల్సు."

తెలుసు. ఆ మొహంలో తెలుస్తోంది. నిప్పు ప్రతిష్ఠ అయ్యాక కదిలించరు, నీళ్లు పోసి ఆర్పరు. నడుమ ఆపితే ఊరంతా చెప్పుకుంటారు. ఆపకపోతే సీలింగే చెబుతుంది. ఆమె తన బావ నెత్తి వైపు చూసింది, ఆ పైన వేలాడుతున్న పొట్ట వైపు చూసింది.

"అది ఆయన నెత్తిన పడినా నన్నే అంటారు," అంది. నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. "కొయ్యక్కా. నేను సెప్పినానని సెప్పు."

తర్వాత ఆమె గడప దాటి హాల్లోకి వచ్చింది. "సామీ, రవ్వంత సేపు నెయ్యి ఆపండి. మంట తగ్గించండి. అందరూ గోడల పక్కకి జరగండి."

"ఏందిమ్మా ఇది?" అన్నాడు బావ, పీట మీది నుంచి లేవకుండా. "నడుమలో వచ్చి?"

పురోహితుడు పైకి చూశాడు. ఇంకేమీ అడగలేదు. పుల్లలు విడదీసి మంటను నిప్పుల దాకా దించాడు. ఆయన లేచి గోడ పక్కకు పోతే బావ కూడా లేవక తప్పలేదు.

"కుదరదక్కా, కింద నిప్పులుండాయి," అంటున్నాడు కుప్పం అతను. నిచ్చెన అప్పటికే వేసేశాడు. రెండో నిచ్చెన నేను ఎక్కాను. గుండానికి చెరో పక్క, చెయ్యి చాపితే అందేంత దూరంలో. మెయిన్ స్విచ్ ఆపించి, కట్టర్ బ్లేడుతో ఆ చివర అతను, ఈ చివర నేను అడ్డంగా కోశాం. ఎండలో మరిచిపోయిన చెప్పులా మెత్తబడి ఉంది సరుకు. గుడ్డ చుట్టుకున్న చేతులతో లాగితే స్క్రూలతో సహా ఊడి వచ్చింది. ఒక్కొక్కటీ కిందికి అందిస్తే వంటవాళ్లు తీసుకుపోయి వానలో పడేశారు. మేం దిగేసరికి హాలు నడుమ పైన ఒక పెద్ద చదరం, దాని నిండా బూడిద రంగు స్లాబు, ఇనుప ఛానళ్లు, వేలాడే వైర్లు. కొత్త ఇల్లు బట్టలు చింపుకున్నట్టుంది.

ముందుగా నోరు తెరిచింది బావే.

"ఇంట్లో కాలు పెట్టకముందే నెత్తిన బొక్క. నేను సెప్పలే?"

ఆ మాటే. అంగడామె తల దించుకుంది.

అప్పుడు పురోహితుడు చాలా మామూలుగా, పంచాంగం చదివే గొంతుతో అన్నాడు. "ఏం తప్పు లేదండీ. అగ్నిహోత్రానికి నెత్తిన అడ్డు ఉండకూడదు. ఈ తల్లి అడ్డు తీయించింది. మంచే జరిగింది. పూర్ణాహుతికి రండి."

అంతే. బావ వెళ్లి పీట మీద కూర్చున్నాడు. ఆయన భార్య పైకి చూసి రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. భోజనాలప్పుడు పెరట్లో చేతులు కడుక్కుంటున్న పురోహితుణ్ణి నేను అడిగాను, శాస్త్రంలో అలా ఉందా సామీ అని. "శాస్త్రం సంగతి నేను చూసుకుంటాలే. ముందు నా తల కాపాడావు," అన్నాడు.

మరుసటి రోజు మేస్త్రీ వచ్చి ఆ చదరం కింద నిలబడి చాలాసేపు పైకే చూశాడు. నన్ను ఏమీ అనలేదు. నోరున్న మనిషి ఏమీ అనకపోవడం నాకు తిట్టు కన్నా ఎక్కువనిపించింది. ఆ చెక్క డిజైను కోసం వెతికితే రావడం ఆగిపోయిందన్నారు. దగ్గరి రంగు తెస్తే అతుకులా కనబడింది. చివరికి మేస్త్రీయే ఆ మేరకు తెల్ల పలకలు వేసి, చుట్టూ బీడింగు కొట్టి, నడుమ ఒక లైటు పెట్టాడు. చూడ్డానికి కావాలని చేసినట్టే ఉంది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. బావ భార్య వీధివీధికీ చెప్పింది, మా ఇంట్లో అగ్నిదేవుడు దారి అడిగాడని. బావ ఇంకొంచెం ముందుకు పోయాడు. అంగడి బెంచీ మీద కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ "అడ్డు తీసెయ్యమని నేనే సెప్పినా," అనసాగాడు. జనం వచ్చి ఆ తెల్ల చదరం చూసిపోయేవారు. కొన్నాళ్లకు మదనపల్లెలో ఒకరు అలాంటిది కావాలన్నారు. తర్వాత గంగవరం నుంచి. మేస్త్రీ దానికి హోమం చదరం అని పేరు కూడా పెట్టాడు. దాని కింద ఎంత మంటైనా ఏం కాదని జనమే అనుకున్నారు. మేస్త్రీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ తెల్లదీ ప్లాస్టికే. ఆ మేరకైనా సిమెంటు బోర్డు వేద్దామని నేను పోరాను.

"అది బరువు, పగులుతాది, పని రెండింతలు. అడిగినోడు ఎవుడుండాడు సెప్పు?"

ఇంటింటా చెప్పాను, హోమం బయటే పెట్టుకోండని. సరేనమ్మా అని తల ఊపేవాళ్లు. ఎందుకని అడిగితే పుంగనూరు సంగతి చెప్పాలి. ఒకసారి ఉప్పు కొనడానికి అంగడికి పోతే ఆమె నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురికీ సెప్పొద్దక్కా. ఇన్నాళ్లకి మా వాళ్ల నోట నా ఇంటి గురించి ఒక మంచి మాట వస్తాండాది. అబద్ధమైతే మాత్రం ఏం, ఉండనీ."

ఉండనిచ్చాను. అది ఆమె సంగతి, నాది కాదు. అలాగని నిశ్చింతగా నిద్రపోలేదు. కొత్త చదరం బిగించిన ప్రతిసారీ దాని కింద ఎవరు కూర్చుంటారా అని లెక్క వేసుకునేదాన్ని.

కుప్పంలో ఒక రైతు కుటుంబం. బోలెడు మంది, ఇంటి నిండా పిల్లలు. అందరికీ పెద్ద ఒక అవ్వ. ఆమె మాటే మాట. చదరం అందరికన్నా పెద్దది వేయించింది. బిగింపు అయ్యాక కిందికి వచ్చి నిలబడి, తృప్తిగా చూసుకుంది.

"రేపు ఈడ పెద్ద గుండం పెట్టిస్తాండా. పిల్లోల్లనంతా సుట్టూ కూర్చోబెట్టి. ఇంత మంట లేవాల," అని నడుము దాకా చెయ్యి చూపింది.

"అవ్వా, బయట పెట్టుకో," అన్నాను.

"యాల? ఈ చదరం యాల ఏసినట్టు మరి?"

మేస్త్రీ నా వైపు చూశాడు. కుప్పం అతను డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టాడు. నేను అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఇది కూడా ప్లాస్టికే అవ్వా. మంటకి వంగతాది."

"పుంగనూరులో వంగలేదంట కదా!"

నేను పలకలేదు. ఆ జవాబు అంగడామె చెప్పాల్సింది, నాది కాదు. మేస్త్రీకి ధైర్యం వచ్చింది. అంగడామె ఆ మాట ఎన్నటికీ బయటపెట్టదని ఆయనకు తెలుసు. తనే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టాడు. అంగడి చప్పుడు వినిపించింది, ఎవరో బెల్లం అడుగుతున్నారు.

"అమ్మా, నేను మేస్త్రీని. మీ ఇంట్లో హోమానికి సీలింగు ఏం కాలేదు కదా? ఒక మాట సెప్పు, ఈడ పెద్దామె ఇంటాండాది."

అవతల ఆమె ఇంకా నోరు తెరవకముందే వెనక నుంచి బావ గొంతు వచ్చింది. "ఆ చదరం గురించేనా? నేనే తీయించినానని సెప్పు!"

బెల్లం తూచి ఇచ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె అడిగింది.

"అక్క ఉండాదా ఆడ?"

"ఉండాను," అన్నాను.

"ఆ ఇంట్లో పిల్లోల్లు ఉండారా?"

"ఉండారమ్మా."

తర్వాత ఆమె గొంతు పెంచి మాట్లాడింది, మాకోసం అంత పెంచక్కర్లేదు.

"పెద్దమ్మా, మా ఇంట్లో సీలింగు వంగి పొట్ట దించింది. ఊడి మా వాళ్ల నెత్తిన పడేదే. అక్క వాళ్లు ఎక్కి కోసేసినారు. కొయ్యమని సెప్పింది నేను. దేవుడూ అడగలే, మా బావా సెప్పలే. ఆ తెల్లది అతుకు. రంగు దొరక్క ఏసిన అతుకు. మీరు అగ్గి ముంగిట్లో పెట్టుకోండి."

ఫోన్ పెట్టేసింది. మేస్త్రీ స్క్రూల డబ్బా సర్దుకోవడంలో పడ్డాడు. అవ్వ కాసేపు పైకి చూసి, కొడుకును పిలిచింది. "షామియానా వాళ్లకి సెప్పు, వాకిట్లో కట్టమని. తాటిపత్రి పట్ట కూడా తెమ్మను, వానొస్తే కప్పేదానికి." తర్వాత నా వైపు తిరిగి, "తీసెయ్యొద్దులే. బాగానే ఉండాది," అంది.

బస్సులో మేస్త్రీ ముందు సీటుకు పోయి కూర్చున్నాడు. పలమనేరు దాటాక నా ఫోన్ మోగింది. అంగడామె.

"ఏం జరిగింది?" అన్నాను.

"ఏముంది? పేపరు మడిచి బెంచీ మీద పెట్టి పోయినాడు మా బావ. 'నేను సెప్పలే?' అని కూడా అనలేదక్కా. అప్పుడే టీ తెప్పించినా ఆయనకి. అది కూడా తాగలే."

"మరి?"

"సల్లారిపోతాదని నేనే తాగినా," అంది.